సముద్రం లేని ఊళ్ళో సముద్రపు మేత

రాయపూర్ నుంచి సముద్రం చూడాలంటే విశాఖ రైలెక్కాలి. 1931లో పూర్తయిన ఆ లైను తిత్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సాగుతుంది. దారి ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. ఆ లైను పట్టుకుని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు నగరంలో చాలా ఉన్నాయి. సముద్రాన్ని వదిలి ఇంత దూరం వచ్చినవాళ్ళకు ఇంట్లో ఒక ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనిపిస్తే అందులో వింతేమీ లేదు.

ఖారూన్ నది నీళ్ళు తాగే ఊళ్ళో సముద్రపు చేపను బతికించడం కుదిరే పనే. కుళాయి నీళ్ళను ఆర్వోలో శుద్ధి చేసి, లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపితే చేప మొప్పలు ఒప్పుకునే నీళ్ళు తయారవుతాయి. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరినా చిల్లర్ నడుస్తుంటే తొట్టిలో 26 డిగ్రీలు నిలబడతాయి. వెలుతురు, నీటి కదలిక, వడపోత అన్నీ డబ్బు పెడితే వస్తాయి. చిక్కంతా మేత దగ్గరే. దుకాణంలో గుళికల డబ్బా దొరుకుతుంది గానీ, అది తిండేనని చేప నమ్మాలి కదా. అందుకే నేను చెప్పే వరస చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది: ముందు మేతను పెంచడం మొదలుపెట్టండి, అది నిలదొక్కుకున్నాక చేపను కొనండి.

ఎందుకో చెప్పడానికి మాండరిన్ చేప మంచి ఉదాహరణ. పశ్చిమ పసిఫిక్ పగడపు దిబ్బల్లో ఉండే ఈ చేప వేలెడంత ఉంటుంది. నారింజ రంగు ఒంటి మీద నీలి చారలు మెలికలు తిరిగి ఉంటాయి. చాలా చేపల్లో మనకు కనిపించే నీలం, కణాల్లోని సన్నని పలకల మీద వెలుతురు పడి వెనక్కి రావడం వల్ల పుట్టేది. మాండరిన్ ఒంట్లో మాత్రం అసలు సిసలు నీలి వర్ణద్రవ్యం నిండిన కణాలే ఉన్నాయని 1995లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ రంగు చూసి మనసుపడి కొన్నవాళ్ళ ఇళ్ళలో ఈ చేప వారాల తరబడి కొద్దికొద్దిగా చిక్కిపోతుంది. నీళ్ళు బాగుంటాయి, జబ్బేమీ ఉండదు, ఎదురుగా మేత పడుతూనే ఉంటుంది. అయినా ఆకలితో చచ్చిపోతుంది.

అది తినే తీరును దగ్గర నుంచి చూడండి. పొట్ట కింది రెక్కల ఆసరాతో రాతి మీద అంగుళం అంగుళం జరుగుతుంది. కళ్ళు రెండూ దేని దారిన అది తిరుగుతుంటాయి. ఒకచోట ఆగుతుంది. అక్కడ మనకు రాయి తప్ప ఏమీ కనిపించదు. తల కాస్త వంచి, మూతిని గొట్టంలా ముందుకు చాచి, టక్కున పీల్చి వెనక్కి తీసుకుంటుంది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ జరుగుతుంది. భూతద్దం పెడితే ఆ రాతి మీద ఒక మిల్లీమీటరు కూడా లేని జీవులు గెంతుతూ కనిపిస్తాయి. అవి కోపీపాడ్‌లు, రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలు. సముద్రంలో పట్టిన మాండరిన్ల పొట్టల్లో ఎక్కువగా దొరికేవి ఇవే. వీటితో పాటు సన్నని పురుగులు, చిట్టి నత్తలు, చేప గుడ్లు కూడా కొద్దో గొప్పో ఉంటాయి. పగలంతా ఇదే పని. పొట్ట చిన్నది, ఒక్కో పీల్పుకు దక్కేది ఒక్క జీవి. పొద్దున ఒక చిటికె, సాయంత్రం ఒక చిటికె మేత వేసే మన పద్ధతికి ఈ శరీరం ఏ విధంగానూ సరిపోదు. నీళ్ళలో తేలుతూ వచ్చే గుళిక దాని కంటికి తిండి కాదు. రాతి మీద పాకేది, కదిలేది, చిన్నది అయితేనే తిండి.

దీన్ని మొండితనం అనడం నాకు నచ్చదు. ప్రతి చేప నోరూ, కన్నూ, పేగూ కలిసి ఒక తిండికి అమరి ఉంటాయి. సర్జన్ చేపలు రాళ్ళ మీది నాచును కొరికి తింటాయి, వాటి పేగు పొడవు. వేటాడే చేపకు పేగు పొట్టి. కాపర్‌బ్యాండ్ అనే సీతాకోకచిలుక చేపకు పొడవాటి సన్న మూతి ఉంటుంది. రాతి సందుల్లో దాక్కున్న పురుగులను లాగడానికే అది పనికొస్తుంది. ఆ మూతి ముందు పెద్ద రొయ్య ముక్క వేసి తినలేదంటే తప్పు చేపది కాదు.

ఇది చాలదన్నట్టు, చేప మన ఇంటికి వచ్చేసరికి సగం అలసిపోయి ఉంటుంది. ప్రయాణంలో నీళ్ళు పాడవకుండా ఎగుమతిదారులు సంచిలో కట్టే ముందు ఒకటి రెండు రోజులు పస్తు పెడతారు. దిబ్బ నుంచి ఎగుమతి కేంద్రానికి, అక్కడి నుంచి విమానంలో మహానగరానికి, అక్కడి నుంచి రాయపూర్‌కు. మజిలీ మజిలీకీ పస్తు పెరుగుతుంది. భయపడ్డ చేప ఒంట్లో కార్టిసాల్ హార్మోను పెరిగి ఆకలి మందగిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి కొందరు సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టడం మొదలుపెట్టారు. అలా పట్టిన చేప లోపలి అవయవాలు దెబ్బతిని, పైకి బాగానే కనిపిస్తూ తిండి ముట్టకపోవచ్చు. అందుకని దుకాణంలో ఎంత అందమైన చేప కనిపించినా, మీ కళ్ళముందు అది తిన్న తర్వాతే డబ్బు ఇవ్వండి. తల వెనక వీపు కండ పల్చబడి ఉన్నా, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉన్నా కొనకండి.

తినడం మొదలుపెట్టింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఏం తింటోందన్నది ఇంకా పెద్ద ప్రశ్న, ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే.

డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం పేరు గర్భిణుల మందుల చీటీల మీద చూసే ఉంటారు. 22 కార్బన్ల గొలుసు, అందులో 6 ద్విబంధాలు. మెదడు, కంటి రెటీనా కణాల పొరలు దీనితో నిండి ఉంటాయి. మంచినీటి చేపల్లో చాలావాటికి మొక్కల నుంచి వచ్చే పొట్టి ఒమేగా-3 ఆమ్లాన్ని తీసుకుని, గొలుసు పొడిగించి, ఎంతో కొంత డీహెచ్‌ఏ తయారుచేసుకునే శక్తి ఉంది. సముద్రపు చేపల్లో ఎక్కువ వాటికి ఆ ఎంజైములు సరిపడా లేవు. సముద్రంలో సూక్ష్మమైన ఆల్గే దీన్ని తయారుచేస్తుంది, ఆల్గేను కోపీపాడ్ తింటుంది, కోపీపాడ్‌ను చేప తింటుంది. తిండిలోనే పుష్కలంగా దొరికేదాన్ని ఒంట్లో తయారుచేసుకోవలసిన అవసరం ఆ చేపలకు పడలేదు. ఈ మాటకు బలమైన సాక్ష్యం ఒక మినహాయింపు రూపంలో వచ్చింది. నాచు మేసే ఒక రకం రాబిట్‌ఫిష్‌లో డీహెచ్‌ఏ తయారీ చివరి మెట్టును నేరుగా దాటించే ఎంజైము ఉందని 2010లో వెల్లడైంది. వెన్నెముక ఉన్న జీవుల్లో అలాంటిది దొరకడం అదే మొదటిసారి. దిబ్బ మీద నాచు తిని బతికే చేపకు ఆ శక్తి అవసరమైంది, జంతువులను తిని బతికే దాని ఇరుగుపొరుగుకు కాలేదు.

డీహెచ్‌ఏ కరువైతే ఏమవుతుంది? 1995లో బ్రిటన్ పరిశోధకులు హెర్రింగ్ చేప పిల్లలకు ఆ ఆమ్లం లేని మేత పెట్టి చూశారు. మసక వెలుతురులో వాటి చూపు తగ్గింది, ఎదుట ఉన్న ఎరను అందుకోలేకపోయాయి. ఇంటి తొట్టిలో దీని అర్థం ఆలోచించండి. పోషణ లేని మేత తిన్న చేప మేతను కనిపెట్టడంలోనే వెనకబడుతుంది, తక్కువ తింటుంది, ఇంకా నీరసిస్తుంది.

రాయపూర్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడే పొరపడతారు. చేపల బజారుకు వెళితే రోహు, బొచ్చె కావలసినంత తాజాగా దొరుకుతాయి. ఛత్తీస్‌గఢ్ చెరువుల రాష్ట్రం. తాజా చేపే కదా అని ముక్కలు కోసి సముద్రపు చేపకు వేస్తారు. మనకు అది మంచి తిండే, చేపకు మాత్రం రెండు ఇబ్బందులు. ఒకటి, మంచినీటి చేప కండలో సముద్రపు చేపకు కావలసిన కొవ్వుల పాళ్ళు ఉండవు. రెండోది, కార్ప్ జాతి చేపలు కొన్నింటి పచ్చి మాంసంలో థయామినేజ్ అనే ఎంజైము ఉండి, బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా దాని పని ఆగదు, ఉడికిస్తేనే పోతుంది. ఎప్పుడో ఒక పూట వేస్తే ప్రమాదమేమీ లేదు. నెలల తరబడి అదే తిండి అయితే నరాలు దెబ్బతింటాయి. ఐసులో వచ్చే సముద్రపు రొయ్య, స్క్విడ్, ఆలిచిప్ప కొంచెం ఖరీదైనా అవే కొనండి. మనిషికి పావు కిలో ఒక పూటకు సరిపోతుంది, చేపకు నెల రోజులు వస్తుంది. ఆలిచిప్పల్లోనూ కొన్ని రకాల్లో థయామినేజ్ ఉంటుంది కాబట్టి ఏ ఒక్కదాన్నీ రోజూ పెట్టకండి. రకరకాలుగా పెట్టడం వెనక ఉన్న అసలు లాభం ఇదే: ఒకదానిలోని లోపాన్ని మరొకటి పూడుస్తుంది.

రాయపూర్ నుంచి సముద్రం చూడాలంటే విశాఖ వెళ్ళాలన్నాను. మన ప్రశ్నకు దగ్గరి సమాధానం కూడా అక్కడే ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అందరూ సీఎంఎఫ్‌ఆర్‌ఐ అంటారు, దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు నారింజ చుక్కల గ్రూపర్ చేపను బందీగా ఉంచి గుడ్లు పెట్టించారు, పిల్లలను పెంచారు. గ్రూపర్ పిల్లల నోరు పుట్టుకతో ఎంత చిన్నదంటే, హ్యాచరీల్లో మామూలుగా వాడే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి జీవి పిల్ల కూడా అందులో పట్టదు. వాటికి మొదటి రోజుల్లో అందించినది కోపీపాడ్ పిల్లలు. పెద్దయితే కిలోల కొద్దీ తూగే చేప కూడా జీవితం మొదలుపెట్టేది మాండరిన్ తినే తిండితోనే. చేపను పెంచడం కన్నా ముందు కోపీపాడ్‌ను పెంచడం, దాని కన్నా ముందు ఆల్గేను పెంచడం అనే క్రమం హ్యాచరీలో పనిచేసేవాళ్ళకు రోజువారీ సంగతి. ఇంట్లోనూ అదే క్రమం, కొలత మాత్రం చిన్నది.

అందరికీ సులువైనది ఆర్టీమియా. భీమిలి నుంచి కాకినాడ దాకా తీరం వెంట ఉన్న రొయ్యల హ్యాచరీల్లో ఇది లేనిదే పని జరగదు. ప్రపంచానికి ఎక్కువగా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. గోధుమ రంగు పొడిలా కనిపించేవి ఎండిన గుడ్లు, ఏళ్ళ తరబడి నిద్రలో ఉండగలవు. మంచి రకమైతే ఒక గ్రాములో రెండు లక్షలకు పైగా పిల్లలు వస్తాయి. లీటరు నీళ్ళలో 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము గుడ్లు, కింద నుంచి గాలి బుడగలు, పైన వెలుతురు, 28 డిగ్రీల వేడి. ఒక రోజులో సీసా అంతా నారింజ రంగుకు తిరుగుతుంది. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుతురు ఉన్న వైపు పోగవుతాయి. సన్న గొట్టంతో పిల్లలను మాత్రమే లాగండి. పెంకులు చిన్న చేపల పేగులో అడ్డుపడతాయి.

రాయపూర్ వేసవిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 33 డిగ్రీలు దాటితే గుడ్డులో జీవక్రియ నిలిచిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో సీసా పెడితే గుడ్లు చెడ్డవని అనుకుంటారు. నిజానికి ఆ వేడికే అవి పొదగలేదు. అక్వేరియం చిల్లర్ నీళ్ళలోనే సీసాను సగం మునిగేలా వేలాడదీస్తే సరిపోతుంది. జూన్ చివర వానలు పడ్డాక గుడ్ల డబ్బాకు తేమ తగలనివ్వకండి. తేమ తగిలిన గుడ్డు సగం మేల్కొని అక్కడే చచ్చిపోతుంది.

అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్ల ఒంట్లో సొన ఉంటుంది, ఏమీ తినదు. గంటలు గడిచేకొద్దీ ఆ సొన కరిగి పోషణ తగ్గిపోతుంది. కాబట్టి పొదిగిన వెంటనే వేయాలి, లేదా ఒకసారి కుబుసం విడిచి నోరు తెరిచాక దానికే మంచి మేత పెట్టి, కడుపు నిండాక చేపకు వేయాలి. ఇందుకు డీహెచ్‌ఏ దండిగా ఉన్న నూనెల ఎమల్షన్లు దొరుకుతాయి. ఐసోక్రైసిస్ అనే ఆల్గే ఉంటే మరీ మంచిది. కానీ ఆర్టీమియాకు ఒక చిక్కు ఉంది. మనం పెట్టిన డీహెచ్‌ఏను అది దాచుకోదు, ఒంట్లోనే మరో ఆమ్లంగా మార్చేసుకుంటుంది. పొద్దున కడుపు నింపి సాయంత్రం వేద్దామంటే అప్పటికి చాలా వరకు పోతుంది. ఫ్రిజ్‌లో చల్లగా ఉంచితే ఈ నష్టం నెమ్మదిస్తుంది. కోపీపాడ్‌తో ఈ తంటా లేదు. సరైన ఆల్గే తిన్న కోపీపాడ్ ఒంట్లో డీహెచ్‌ఏ కణపొరల కొవ్వుల్లో భాగంగా ఉంటుంది, చేప పిల్ల పేగు దాన్ని తేలిగ్గా జీర్ణించుకుంటుంది.

టిస్బే, టిగ్రియోపస్ అనే రెండు రకాల కోపీపాడ్‌లు ఇంటి పెంపకానికి నిలుస్తాయి. ఇవి గోడలకూ రాళ్ళకూ అంటుకుని బతుకుతాయి, కొంత మురికి నీటిని కూడా ఓర్చుకుంటాయి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పునీళ్ళు పోసి, నెమ్మదిగా గాలి పెట్టి, నీళ్ళు లేతగా రంగు తిరిగేంత ఆల్గే పోయాలి. నీళ్ళు తేటబడితే తిండి అయిపోయిందని గుర్తు. ఆల్గే నారు విశాఖ నుంచి తెచ్చుకోవచ్చు. మూత వదులుగా పెట్టిన సీసాలో ఒక రాత్రి రైలు ప్రయాణాన్ని అది తట్టుకుంటుంది. ఎప్పుడూ రెండు డబ్బాలు వేరువేరుగా పెంచండి, ఒకటి కుప్పకూలినా రెండోది ఉంటుంది. అక్వేరియానికి అనుబంధంగా, చేపలు లేని చిన్న తొట్టిలో పీచు లాంటి నాచు పెంచి, అందులో కోపీపాడ్‌లను వదిలితే అవి అక్కడ పిల్లలను పెట్టి, పంపు ద్వారా పెద్ద తొట్టిలోకి వస్తూ ఉంటాయి. మాండరిన్‌కు ఇదే అసలైన వంటిల్లు. ఇది ఆరు నెలలు నిలకడగా నడిచాక ఆ చేప సంగతి ఆలోచించండి.

కాపర్‌బ్యాండ్ సంగతి వేరు, దానికి నేర్పవచ్చు. ఆలిచిప్పను తెరిచి, మాంసం ఉన్న సగాన్ని రాతి సందులో ఇరికించండి. సందులోంచి లాగి తినడం దానికి తెలిసిన పని. మొదటి రోజు చుట్టూ తిరిగి చూస్తుంది, మూతితో తాకి వదిలేస్తుంది. ఆ ముక్కను గంటల కొద్దీ వదిలేయకుండా తీసేసి, మర్నాడు తాజాది పెట్టండి. తినడం మొదలుపెట్టాక అదే చిప్పలో మాంసంతో పాటు సన్నగా తరిగిన రొయ్య, మైసిస్ అనే రొయ్యలాంటి చిట్టి జీవులు (ఫ్రోజెన్‌వి) కలపండి. కొన్ని వారాల్లో చిప్ప లేకుండా మైసిస్ ఒక్కటే తీసుకునే స్థితి వస్తుంది. చేపలు రుచినీ వాసననూ ప్రధానంగా అమైనో ఆమ్లాల ద్వారా గుర్తుపడతాయి. ఆలిచిప్ప రసంలో గ్లైసిన్, బీటైన్ లాంటివి దండిగా ఉంటాయి కాబట్టి కొత్త మేతను ఆ రసంలో నానబెట్టడం పనిచేస్తుంది. వెల్లుల్లి రసం గురించి చాలామంది చెబుతారు, నాకు మాత్రం ఆలిచిప్ప మీదే నమ్మకం.

సర్జన్ చేపల దగ్గర మాంసం కన్నా ఆకు ముఖ్యం. ఛత్తీస్‌గఢ్‌లో ఆకుకూరలకు, అంటే ఇక్కడివాళ్ళు భాజీ అనేవాటికి, కొరత లేదు. వాటిని కూడా వేస్తారు, అడపాదడపా ఫరవాలేదు. అయోడిన్ విషయంలో మాత్రం నేల మీది ఆకు సముద్రపు నాచుకు సాటి రాదు. సూషీకి వాడే నోరి కాగితం, ఉప్పూ మసాలా లేనిది, క్లిప్పుతో గాజుకు తగిలిస్తే రోజంతా కొరుక్కుంటాయి. విశాఖ తీరపు రాళ్ళ మీద పచ్చగా పరుచుకునే అల్వా అనే నాచు కూడా వాటికి ప్రాణం. కాకపోతే మురుగు కలిసే చోట ఏరకండి.

కొన్ని చేపలను మాత్రం ఎంత ఓపిక ఉన్నా కొనకూడదు. పగడాలు తినే చేపల జాతులు ప్రపంచంలో 128 అని 2008 నాటి ఒక సమీక్ష లెక్క తేల్చింది. వాటిలో సుమారు మూడో వంతు దాదాపు పగడాలే తిని బతుకుతాయి. సీతాకోకచిలుక చేపల్లో ఇలాంటివి ఎక్కువ. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఉండాలి కూడా. కాబట్టి వాటికి తిండి పెట్టే దారే లేదు. సముద్రపు గుర్రాలకు 2001లోనే ఆ చట్టం మొదటి షెడ్యూలులో చోటు దొరికింది, ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి. దీనికి భిన్నంగా, హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేప మొదటి నెల నుంచే గుళికలు తిని పెరుగుతుంది. మొదటిసారి ఉప్పునీటి తొట్టి పెట్టేవాళ్ళకు దాని తర్వాతే ఏదైనా.

మేత వేళల గురించి ఒక మాట. బస్తర్‌లో కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ చీకట్లో చిన్న చేపలు ఉన్నాయి. రాయపూర్‌లోని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు అవి గాలి మింగడానికి పైకి వచ్చే వేళలను లెక్కగట్టి, వాటి దినచర్యను పరిశీలించారు. వెలుతురే ఎరగని చోట బతికే చేప ఒంట్లో కూడా రోజు లయ జాడలు దొరికాయి. చేపకు లోపలి గడియారం ఉంటుంది, మేత వేళకు అది సర్దుకుంటుంది. రోజూ ఒకే సమయానికి మేత పడే గోల్డ్‌ఫిష్ ఆ సమయానికి ముందే చురుగ్గా తిరగడం మొదలుపెడుతుందని ప్రయోగాల్లో తేలింది. బెదురుతో తిండి మానిన చేపకు ఈ నిలకడ చాలా మేలు చేస్తుంది. రోజూ అదే వేళ, అదే మూల, పంపు ఆపి, కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు. ఐదు నిమిషాల్లో తినకపోతే మిగిలినది తీసేయాలి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. కుళ్ళిన మేత నుంచి వచ్చే అమ్మోనియా ఆ పీహెచ్‌లో మంచినీటి కన్నా ఎక్కువ విషంగా మారుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఈ లెక్కలన్నీ పక్కింటివారి చేతిలో పడతాయి. గుళికలకు అలవాటైన చేపలుంటే దిగులు లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు పస్తున్నా ఏమీ కాదు. మాండరిన్ ఉంటే అనుబంధ తొట్టి, దాని పంపు, లైటు నడుస్తున్నాయో లేదో చూడమని చెప్పండి, అంతకు మించి ఏమీ అడగకండి. మిగిలిన వాటికి రొయ్య, స్క్విడ్, నోరి మిక్సీలో తిప్పి, జెలటిన్‌తో గడ్డకట్టించి, విటమిన్లు చల్లారాక కలిపి, పల్చని పలకగా ఫ్రీజ్ చేసి, పూటకు సరిపడే ముక్కలుగా కోసి, తేదీ రాసిన చిన్న సంచుల్లో వేసి వెళ్ళండి. పాపం చేప ఆకలిగా చూస్తోందని రెండో సంచి విప్పవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.